అరకు, పాడేరు, లంబసింగి సైకిళ్ల మీద: ఇద్దరు కలిసి వెళ్లేటప్పుడు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నవంబరు చివర్లో మీరూ, మీ స్నేహితుడూ గుంటూరు నుంచి రైల్లో సైకిళ్లు వేసుకుని వైజాగ్ వస్తారు. అక్కడి నుంచి తొక్కుకుంటూ అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం చుట్టి మళ్లీ వైజాగ్ చేరాలి. మీది మూడు చైన్‌రింగులున్న (అంటే పెడళ్ల దగ్గర చైను పట్టే పళ్ల చక్రాలు మూడున్న) ఎంటీబీ, కొండదారుల సైకిల్. అతనిది సన్న టైర్ల రోడ్ బైక్. చదును రోడ్డు మీద ఇద్దరికీ రోజుకు 70, 80 కిలోమీటర్లు అలవాటే కానీ ఘాట్ ఎప్పుడూ ఎక్కలేదు. అతను మీకంటే వేగంగా తొక్కుతాడు. మూడు రోజుల్లో అవుతుందా అని అడిగారు. మీ వల్ల అతని ట్రిప్ పాడవుతుందేమో అని టెన్షన్ పడుతున్నారు.

మూడు రోజుల్లో వద్దు, ఐదు రోజులు పెట్టుకోండి. ఈ చుట్టు మొత్తం సుమారు 340 కిలోమీటర్లు. చదును రోడ్డు లెక్కన చూస్తే చిన్న దూరమే అనిపిస్తుంది. కొండల్లో కిలోమీటర్లను కాదు, గంటలను లెక్కపెట్టాలి. నవంబరు చివర్లో మనవైపు సూర్యుడు సాయంత్రం ఐదుంపావు, ఐదున్నర మధ్య అస్తమిస్తాడు. కొండ మాటున ఉన్న రోడ్డు మీద ఇంకా ముందే చీకటి పడుతుంది. ఘాట్ మీద చీకట్లో సైకిల్ తొక్కడం అసలు పెట్టుకోకూడదు. అంటే మీకు రోజుకు పది గంటల వెలుగు ఉంటుంది. టిఫిన్లు, భోజనం, ఫోటోలు, పంక్చర్లు అన్నీ అందులోనే.

ఇక మీ అసలు టెన్షన్ సంగతి. మీ ఇద్దరి మధ్య తేడా ఒంట్లో సత్తువలో మాత్రమే లేదు, గేర్లలోనూ ఉంది. ఇది అర్థమైతే సగం బరువు దిగిపోతుంది. మీ ఎంటీబీలో ముందు చిన్న చైన్‌రింగుకు 28 పళ్లు, వెనక ఉన్న పళ్ల చక్రాల్లో పెద్దదానికి 34 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒకసారి పూర్తిగా తిప్పితే మీ సైకిల్ కదిలేది రెండు మీటర్ల లోపే. నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకు ఆరున్నర కిలోమీటర్ల వేగం. రోడ్ బైక్‌లో మామూలుగా ముందు చిన్నది 34, వెనక పెద్దది 28 ఉంటుంది. అదే 60 సార్లు తిప్పితే అతను తొమ్మిది కిలోమీటర్లకు పైగా పోతాడు. అతను మీతో పాటే వెళ్లాలంటే నిమిషానికి నలభై సార్లకు తగ్గించి, ప్రతి తిప్పుకూ బలంగా నొక్కుతూ పోవాలి. అరగంటలో మోకాళ్లు పట్టేస్తాయి. మీరు అతని పక్కన వెళ్లాలని చూస్తే పది నిమిషాల్లో ఊపిరి అందదు. కాబట్టి పక్కపక్కన ఎక్కాలన్న ఆలోచనే ఇద్దరికీ చేటు. మీరు వెనకపడితే అతని ట్రిప్ ఏమీ పాడవదు. మీ కోసం అతను నెమ్మదిస్తేనో, అతని కోసం మీరు తొందరపడితేనో పాడవుతుంది.

నేనూ నా మిత్రుడూ చాలా ఏళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నాం. మా మధ్య పద్ధతి ఇదీ: ఘాట్ మొదలయ్యే చోట చేతులు కలుపుకుంటాం, ఆపైన ఎవరి వేగం వాళ్లది. కలిసే చోట్లు ముందురోజు రాత్రే పేర్లతో సహా అనుకుంటాం. అరకుకు ఎక్కే అనంతగిరి ఘాట్‌లో అయితే తైడ, అనంతగిరి, గాలికొండ వ్యూ పాయింట్. ముందు చేరినవాడు అక్కడే కూర్చుంటాడు, ఇంకాస్త ముందుకు పోయి ఆగుదాంలే అనుకోడు. మలుపుల మధ్య ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని నమ్ముకోకూడదు. అనుకున్న వేళ దాటి ముప్పావుగంటైనా రెండోవాడు రాకపోతే ముందున్నవాడు వెనక్కి దిగి వెతకాలి. తను ఎక్కిన ఎత్తంతా మళ్లీ ఎక్కాల్సి వచ్చినా సరే, దిగాల్సిందే. ఈ ఒక్క మాట మీద ఇద్దరికీ నమ్మకం ఉంటే వెనక ఉన్నవాడు నిశ్చింతగా తొక్కుతాడు.

సామాను పంచుకోవడంలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. పంపు, చైన్ టూల్, ప్యాచ్ కిట్, అలెన్ కీలు వెనక వచ్చేవాడి దగ్గర ఉండాలి. ముందు పోయేవాడి సైకిల్ చెడితే వెనకవాడు ఎలాగూ అక్కడికి చేరతాడు. వెనకవాడి సైకిల్ చెడి, పనిముట్లు ముందువాడి సంచిలో ఉంటే ఇద్దరికీ పూట పోతుంది. స్పేర్ ట్యూబు మాత్రం ఎవరి సైజుది వాళ్ల దగ్గరే ఉండాలి. మీ చక్రాల సైజులు వేరు, ఒకరి ట్యూబు ఇంకొకరికి పనికిరాదు. మిగతా బరువు, అంటే చలి బట్టలు, ఛార్జర్లు, మందులు, తినే సరుకు, ఎక్కువ భాగం అతను మోయాలి. ఇందులో మొహమాటం వద్దు. మనిషి, సైకిల్, సామాను కలిపి మొత్తం బరువులో ఐదు కిలోలు తగ్గినా నాలుగు గంటల ఎక్కుడులో పది నిమిషాలైనా కలిసొస్తుంది. బరువు అటు మారిస్తే మీ ఇద్దరి మధ్య ఎడం దానంతటదే తగ్గుతుంది.

దారి విషయానికొస్తే, సోమవారం బయల్దేరండి. శని, ఆదివారాల్లో అరకు ఘాట్ కార్లతో, బైకులతో కిక్కిరిసి ఉంటుంది. లంబసింగిలో చలికాలం వారాంతాల్లో గది దొరకడం కష్టం.

మొదటి రోజు వైజాగ్ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట. అందరూ ఎస్.కోట అనే అంటారు. అరవై కిలోమీటర్ల లోపే, దాదాపు చదును. మధ్యాహ్నానికే చేరిపోతారు. ఇంకా ఓపికుంది కదా, ఘాట్ కూడా ఎక్కేద్దాం అనిపిస్తుంది. ఆగండి. ఎండలో ఎక్కడం ఒక కష్టం, మధ్యలో చీకటి పడటం ఇంకో కష్టం. ఎస్.కోటలో గది ముందే మాట్లాడుకుని, రాత్రి త్వరగా పడుకోండి.

రెండో రోజే ఈ యాత్రకు గుండెకాయ. తెల్లవారగానే బయల్దేరితే బొడ్డవర దాటాక రోడ్డు లేవడం మొదలవుతుంది. అక్కడి నుంచి గాలికొండ దాకా ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ ఎక్కుడే. పైకి చేరేసరికి సముద్రమట్టానికి వెయ్యి మీటర్లు దాటి ఉంటారు. సగటున చూస్తే వాలు భయపెట్టేది కాదు, నూరు మీటర్లకు మూడు నాలుగు మీటర్లు లేస్తుంది. హెయిర్‌పిన్ మలుపుల లోపలి అంచు మాత్రం నిటారుగా ఉంటుంది. ఎదురుగా వాహనం లేదని స్పష్టంగా కనిపిస్తే మలుపులో కొద్దిగా బయటికి జరిగి తిరగండి. కనిపించకపోతే ఎడమ అంచునే ఉండి గేరు తగ్గించండి. గేరు మార్చాల్సింది మలుపు ముందు. మలుపులో కాలి బలమంతా పెట్టి నొక్కుతూ మారిస్తే చైను జారుతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా.

మొదటి గంటలో మీకు తేలిగ్గా అనిపించాలి. ఎంత నెమ్మదిగా అంటే పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. అలా మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. దిగి నడిపించడంలో తప్పేమీ లేదు. నెమ్మదిగా తొక్కినా, చకచకా నడిచినా వేగంలో పెద్ద తేడా ఉండదు, పైగా నడుముకు విశ్రాంతి. ప్రతి నలభై నిమిషాలకు ఆకలి వేసినా వేయకపోయినా ఏదో ఒకటి తినండి: అరటిపండు, పల్లీ చెక్కీ, ఖర్జూరం. నీళ్ల సీసాల్లో ఒకదానిలో ఉప్పు, పంచదార, నిమ్మకాయ కలుపుకోండి. ఇద్దరు స్నేహితుల మధ్య ఘాట్ మీద మాటా మాటా పెరిగేది ఎక్కువగా పదకొండు గంటల ప్రాంతంలో. పొద్దున తిన్న ఇడ్లీలు అరిగిపోయి ఉంటాయి, ఎండ ఎక్కి ఉంటుంది. ఆ సమయంలో దారి మార్చడం, ట్రిప్ ఆపేయడం లాంటి నిర్ణయాలేవీ తీసుకోకండి. ముందు తిని, పావుగంట కూర్చుని, తర్వాత మాట్లాడుకోండి.

తైడ నుంచి పైకి వెళ్లేకొద్దీ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. నవంబరులో కాఫీ పండ్లు ఎర్రబడి, కోతలు సాగుతుంటాయి. ఒకసారి గాలికొండ దగ్గర మా మిత్రుడు నాకంటే గంట ముందే చేరాడు. నేను వెళ్లేసరికి అక్కడి కాఫీ కొట్టాయనతో స్నేహం కలిపి, కాఫీ పండు నుంచి గింజ తీసి ఎండబెట్టేదాకా ఏమేం చేస్తారో కథంతా విని కూర్చున్నాడు. ఆ గంటసేపు నా కోసం కాచుకున్నందుకు అతనికి విసుగు కాదు, సంబరం. మీ స్నేహితుడికీ ఈ మాట ముందే చెప్పండి. కొండ మీద ఎదురుచూడటం కూడా యాత్రలో భాగమే అనుకునేవాడైతే మీకు ఇబ్బంది ఉండదు.

బొర్రా గుహలు చూడాలంటే ముందే ఆలోచించుకోండి. మెయిన్ రోడ్డు నుంచి గుహలకు వెళ్లే పక్కదారి కిందికి దిగుతుంది. గుహలు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, వచ్చేటప్పుడు దిగిందంతా మళ్లీ ఎక్కాలి. ఘాట్ ఎక్కిన రోజే అది పెట్టుకోవద్దని నా సలహా. తప్పకుండా చూడాలంటే అరకులో ఒకరోజు అదనంగా ఉండి, సైకిళ్లు గదిలో పెట్టి జీపులోనో, బస్సులోనో వెళ్లిరండి.

గాలికొండ దాటాక సుంకరమెట్ట మీదుగా అరకు దాకా చిన్న చిన్న ఎత్తులు తప్ప చాలావరకు దిగుడే. ఆ రాత్రి అరకులో కడుపునిండా తినండి. బొంగు చికెన్ బాగుంటుంది కానీ, పక్కన అన్నం కూడా తినాలి. మర్నాడు మీ కాళ్లకు కావాల్సింది అదే.

మూడో రోజు డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు, సుమారు 45 కిలోమీటర్లు. దారిలో చాపరాయి దగ్గర కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోవచ్చు. బండల మీద పాచి ఉంటుంది, జాగ్రత్త. ఈ కాలంలో వలిసె పూలతో పొలాలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. పొలంలోకి దిగి మొక్కల్ని తొక్కుతూ ఫోటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అది నూనెగింజల పంట, ఒక కుటుంబం ఏడాది కష్టం. గట్టు మీద నిలబడినా అందంగానే కనిపిస్తుంది. రోడ్డు అంచున ఎవరైనా పంట ఆరబోసుకుని ఉంటే దాని మీదుగా పోకుండా దిగి పక్క నుంచి నడిపించండి. మనుషుల ఫోటోలు అడిగి తీయండి.

పాడేరు 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. గదులు, మందుల షాపులు, ఆసుపత్రి అన్నీ ఉన్నాయి. మీరు నిజాయితీగా ఆగి ఆలోచించుకోవాల్సిన చోటు ఇదే. ఇద్దరిలో ఎవరికి మోకాలు నొప్పి ఉన్నా, జ్వరం తగిలినా ఇక్కడి నుంచి మాడుగుల, చోడవరం మీదుగా ఘాట్ దిగి వైజాగ్ వెళ్లిపోవచ్చు. బస్సులు కూడా ఉంటాయి. మాడుగులలో హల్వా కొనుక్కుని వెళ్తే ఆ దారి కూడా ఓటమిలా అనిపించదు. అరకులోనే తేడా వస్తే కొత్తవలస–కిరండూల్ లైను మీద వైజాగ్‌కు రైలు ఉంది. సైకిళ్ల బుకింగ్ సంగతి స్టేషన్‌లో ముందే కనుక్కోండి.

నాలుగో రోజు జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి, అరవై కిలోమీటర్లకు పైగా. ఒకే పెద్ద ఘాట్ ఉండదు కానీ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. చూడ్డానికి తేలిక, సాయంత్రానికి రెండో రోజంత అలసట. రోడ్డు వెడల్పు పనులు జరిగే చోట్ల కంకర, దుమ్ము ఉంటాయి. అందుకే మీ స్నేహితుడు సన్న టైర్లతో రావద్దు. ఫ్రేములో పట్టినంత వెడల్పు టైరు, కనీసం 28, వీలైతే 32 మిల్లీమీటర్లది వేయించుకోమనండి. చింతపల్లిలో కాసేపు ఆగండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, ఆయన అనుచరులు ఆయుధాల కోసం దాడి చేసింది ఇక్కడి పోలీస్ స్టేషన్ మీదే. అప్పట్లో వాళ్లు ఈ కొండల్లో కాలినడకన ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంత వేగంగా కదిలారో, మీరు అదే నేలను కాళ్లతో ఎక్కి చూశాక బాగా అర్థమవుతుంది.

ఈ ప్రాంతంలో చెక్‌పోస్టులు ఎక్కువ. గంజాయి రవాణా మీద నిఘా కోసం సంచులు విప్పి చూస్తారు. ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకోండి, మర్యాదగా చూపించండి. దారిలో ఎవరైనా "నర్సీపట్నంలో మా వాళ్లకు ఈ సంచి ఇచ్చేయండి బాబూ" అంటే, ఎంత అమాయకంగా కనిపించినా తీసుకోవద్దు.

లంబసింగి చలిని తేలిగ్గా తీసుకోకండి. డిసెంబరు, జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా పోతుంది, నవంబరు చివర్లో కూడా పళ్లు కొట్టుకునేలా ఉంటుంది. స్వెటర్, చెవులు కప్పే టోపీ సరే, వేళ్లన్నీ మూసే గ్లవ్స్ మరిచిపోవద్దు. ఇవి హాయి కోసం కాదు. మర్నాడు దిగేటప్పుడు వేళ్లు కొయ్యబారితే బ్రేకు లీవరు నొక్కలేరు. దోమల మందు కూడా తెచ్చుకోండి, ఏజెన్సీలో మలేరియా ఉంది.

ఐదో రోజు లంబసింగి నుంచి నర్సీపట్నం దాకా ముప్పై కిలోమీటర్లు, అందులో పెద్ద దిగుడు ఉంది. ఎక్కేటప్పుడు మనకు ఒళ్లు అలుస్తుంది తప్ప ప్రాణానికి ముప్పు తక్కువ. దెబ్బలు తగిలేది దిగేటప్పుడే. మనిషి, సైకిల్, సామాను కలిపి నూరు కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగితే పుట్టే శక్తి మూడు లీటర్ల నీళ్లను మరిగించేంత ఉంటుంది. కొంత గాలి పీల్చుకుంటుంది, మిగతాదంతా మీ బ్రేకులే మింగాలి. బ్రేకును అదే పనిగా నొక్కి పట్టుకుని దిగితే డిస్కు, ప్యాడ్లు కాగిపోయి పట్టు తగ్గుతుంది. రిమ్ బ్రేకులైతే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం బాగా తగ్గించండి, మలుపులో వదిలేయండి, మళ్లీ తర్వాతి మలుపు ముందు నొక్కండి. కొన్ని కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వండి. డిస్కును చేత్తో ముట్టుకుని చూడొద్దు, కాలుతుంది.

దిగేటప్పుడు మీ వరుస మార్చుకోండి. ఇక్కడ మీరు ముందు ఉండండి, అతను వెనక. వేగంగా దిగేవాడు ముందుంటే వెనకవాడు తెలియకుండానే అతన్ని అందుకోవాలని చూస్తాడు. ఇద్దరి మధ్య యాభై మీటర్లకు తక్కువ కాకుండా దూరం ఉంచండి. తెల్లవారుజామున మంచు కమ్ముకుని ఉంటుంది, రోడ్డు తడిగా ఉంటుంది. సైకిళ్లకు ముందు, వెనక లైట్లు వేసుకుని, ఎదురుగా రోడ్డు బాగా కనిపించేదాకా ఆగి, ఎనిమిది దాటాకే దిగండి. అప్పటికి కింది నుంచి వచ్చే డ్రైవర్లకు మీరూ కనిపిస్తారు.

నర్సీపట్నం చేరాక వైజాగ్ ఇంకా 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులో చివరి సగం లారీలు, బస్సులు పోయే హైవే. తొక్కితే తొక్కవచ్చు, కానీ నేనైతే అక్కడ ఆపి, పైన క్యారియర్ ఉన్న బస్సో, చిన్న గూడ్స్ ఆటోనో చూసుకుంటాను. కొండల యాత్ర అయ్యాక ఆ హైవే మీద చూడాల్సిందేమీ లేదు. మీ స్నేహితుడికి పూర్తిగా తొక్కాలని పంతం ఉంటే అతన్ని తొక్కనివ్వండి, మీరు సామాను తీసుకుని బస్సులో వెళ్లండి. దీని గురించి నర్సీపట్నంలో వాదించుకోకుండా, గుంటూరులోనే మాట్లాడుకోండి.

ఇంకా కొన్ని వారాల సమయం ఉంది కదా. మీకు దగ్గర్లోనే కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది. ఆదివారాలు సామాను కట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి, ఒకే పూట రెండు మూడు సార్లు ఎక్కి దిగండి. మొదటిసారి పక్కపక్కన ఎక్కి చూడండి, తర్వాత ఎవరి వేగంలో వాళ్లు. తేడా మీకే తెలుస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్త వస్తే మాత్రం బయల్దేరకండి, తేదీలు వాయిదా వేసుకోండి. ఆ వానల్లో ఘాట్ల మీద కొండచరియలు విరిగిపడతాయి.

బయల్దేరే ముందు కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించి, కొండవీడు మీద కాస్త అరగనివ్వండి. అలాగే మీ స్నేహితుడి సైకిల్ వెనక ఉన్న పళ్ల చక్రాల్లో పెద్దదానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి, గేరు మార్చే డెరైలర్ మీద ఏ మోడల్ అని రాసుందో చూసి చెప్పండి. 28 అయితే 32 లేదా 34 పళ్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) దానికి పడుతుందో లేదో చెబుతాను. అది మారిస్తే అనంతగిరి ఘాట్ అతని మోకాళ్లకు చాలా తేలికవుతుంది.